పెద్ద అక్షరాలు

లాండ్రీ, ఆవిరి గది పక్కన

గిల్లికజ్జాల మరదలికి,

నువ్వు పంపిన బస్సు టికెట్ల పేజీ ఫోన్లో చూశాను. దాన్ని తయారు చేసినవాళ్లు దొరికితే ఇస్త్రీ బల్ల మీద పరిచి మడతలు పోయేదాకా రుద్దాలనిపించింది. తయారు చేసింది నువ్వేనని గుర్తొచ్చి ఆగాను.

అడిగావు కాబట్టి చెబుతున్నాను, ఏడవకు. నాకు లోకమంతా ఆవిరి పట్టిన అద్దంలోంచి కనిపిస్తుందని నీకు తెలుసు. తెలుపు మీద నలుపు ఉంటే ఏదో ఉందని తెలుస్తుంది. తెలుపు మీద బూడిదరంగు అక్షరాలు పెడితే అక్కడ ఏమీ లేనట్టే లెక్క. నీ పేజీ నిండా బూడిదే. సరే అని అక్షరాలు బాగా పెద్దవి చేశాను. పైన మీ కంపెనీ బొమ్మ ఉన్న పట్టీ కూడా వాటితోపాటే బలిసి తెరలో సగం ఆక్రమించుకుని కూర్చుంది. ఎంత కిందికి జరిపినా అది కదలదు. మిగిలిన సగంలో వాక్యం మొదలు ఇక్కడుంటే చివర పక్కింట్లో ఉంది. ప్రతి వరుసకీ తెరను కుడికి తోసి, మళ్లీ ఎడమకి లాక్కుని, ఏ వరుసలో ఉన్నానో మర్చిపోయి మళ్లీ మొదటికొచ్చి, చివరికి ఏ ఊరికి టికెట్ కొన్నానో నాకే తెలియలేదు.

ఇకనుంచి ఉత్తరాలే రాద్దాం. లాండ్రీ అడ్రసుకే రాయి. ఇంటికెళ్లాక ఫోను మీ అన్నయ్య చేతిలో ఉంటుంది, నాకొచ్చే మెసేజీలన్నీ చదవడం ఆయనకి అలవాటు. బట్టల మూటల మీద నంబర్లు వేసే లావు పెన్ను ఒకటి ఓనరమ్మ నాకిచ్చింది. అందుకే కాగితానికి నాలుగు వాక్యాలే పడుతున్నాయి. తపాలా బిళ్ల ఖర్చు నీది.

చెప్పడం మరిచాను, నుదుటి మీద కుట్లు పడ్డాయి. వంటింటి అలమర తలుపు సగం తెరిచి ఉంది. ఆ తలుపు మూయకుండా నేను ఎప్పుడూ వదలను. రక్తం కళ్లలోకి కారింది గానీ, ఉన్న చూపే అంతంతమాత్రం కాబట్టి పెద్ద తేడా తెలియలేదు. నువ్వు కంగారు పడకు.

నీ వదిన

*

ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీ పక్కన

వదినా,

నీ చీవాట్లు మా జట్టంతటికీ చదివి వినిపించాను. ఇస్త్రీ బల్ల మాట రాగానే అందరూ నవ్వారు. మా పెద్దసారు మాత్రం నవ్వలేదు. "నల్లటి అక్షరాలు పెడితే పేజీ పేపర్లో సంతాప ప్రకటనలా ఉంటుందమ్మా" అన్నాడు. ఆ బలిసిన పట్టీని మాత్రం కదిలేలా చేయించాను. అక్షరాలు పెద్దవి చేస్తే వరుసలు తెర వెడల్పుకి తగ్గట్టు విరిగి కిందికి దిగేలా కూడా రాస్తున్నాను. అప్పుడు నువ్వు పక్కింటికి పోనక్కర్లేదు.

కుట్లు ఏమిటి, ఇంత తేలిగ్గా చివర్లో రాశావు? కిందటిసారి వచ్చినప్పుడు అన్నయ్యని కూర్చోబెట్టి అన్నీ చెప్పాను కదా! తలుపు పూర్తిగా మూసైనా ఉండాలి, పూర్తిగా తెరిచైనా ఉండాలి, సగం తెరిచిన తలుపు అంచు నీకు కనబడదని చెప్పాను. నేల రంగులో ఉన్న పీట నేల మీద పెడితే తెలియదని, మెట్ల అంచులకి పసుపు టేపు వేయాలని, ఏ వస్తువు ఎక్కడుంటే అక్కడే ఉండాలని చెప్పాను. బళ్లో పిల్లాడిలా విన్నాడు. "ఇంకా ఏమేం ఉంటే పడిపోతుందే?" అని మళ్లీ మళ్లీ అడిగాడు కూడా. షెడ్డులో పొద్దస్తమానం బండ్ల కింద పడుండే మనిషి, మతిమరుపు. మళ్లీ చెబుతానులే.

ఇప్పుడు కొత్త పని. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ల కోసం ఒక సహాయ కేంద్రం ఉంది, దాని పేజీ మా కంపెనీకి వచ్చింది. ఎవరికి ఫోన్ చేయాలి, ఎక్కడ తలదాచుకోవాలి, ఏం సర్దుకుని బయలుదేరాలి, అన్నీ ఉంటాయి. కుడివైపు పై మూలన ఎర్రటి బటన్ ఒకటి పెట్టాం. చదువుతుండగా ఎవరైనా వస్తే దాన్ని నొక్కగానే పేజీ మాయమై వాతావరణం పేజీ వస్తుంది. అక్షరాలు నువ్వు వాడేంత పెద్దవి చేసి చూడు. మొహమాటపడకుండా తిట్టు.

నీ మరదలు

*

లాండ్రీ, మధ్యాహ్నం, మెషీన్లు ఆగిన వేళ

మరదలికి,

తిట్టమన్నావు, తిడుతున్నాను. నీ ఎర్ర బటన్ వల్ల ఒక మనిషి చచ్చిపోతుంది.

అక్షరాలు పెద్దవి చేయగానే అది తెర దాటి కుడివైపు పోయింది. కావాలంటే తెరను రెండుసార్లు తోయాలి. నువ్వు ఏసీ గదిలో కూర్చుని తోస్తావు. ఆ పేజీ చదివే మనిషి ఎలా ఉంటుందో తెలుసా? ఒక చెవి వీధి తలుపు మీద ఉంటుంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడుతుంది. వేళ్లు చెమటకి జారుతుంటాయి. అప్పుడు నీ బటన్ కోసం వెతుక్కోవాలి. ఆ పేజీ చదివినందుకు పడే దెబ్బలు, చదవకముందు పడ్డ దెబ్బలకంటే గట్టిగా ఉంటాయి. అది మీ పెద్దసారుకి చెప్పు. అక్షరాలకి లేత వంకాయరంగు వేశారే, అది కూడా ఆయన ఆలోచనేనా? ఫోన్ నంబరు ఆ రంగులోనే ఉంది. ముక్కు తెరకి ఆనించినా నాకు ఆ అంకె ఆరో ఎనిమిదో తేలలేదు.

మా ఇంట్లో వస్తువులకి కాళ్లొచ్చాయి. స్టూలు సాయంత్రానికి స్నానాలగది ముందుకి నడిచొస్తోంది. పొయ్యి మీద నుంచి దించిన గిన్నె, నేను చేయి పెట్టే చోటికే వచ్చి కూర్చుంటోంది. అరచెయ్యి బొబ్బలెక్కింది. కిందటి వారం మెట్ల మీద ఆఖరి మెట్టుకి నువ్వు వేయించిన పసుపు టేపు లేదు. ఊడిపోయిందేమో అని వేలితో తడిమి చూశాను. ఊడిన టేపుకి జిగురు ముక్కలు ముక్కలుగా మిగులుతుంది కదా. అక్కడ నున్నగా గీకి, తుడిచి ఉంది. పన్ను ఒకటి పోయింది. నేను కింద పడి ఉన్నంతసేపూ మీ అన్నయ్య పైమెట్టు మీదే నిలబడి ఉన్నాడు. దిగి రాలేదు.

ఇంతకంటే రాయను. నీకున్నది ఒక్క అన్న.

వదిన

*

ఆఫీసు

వదినకి,

నీ ఉత్తరం చదివాను. పేజీ గురించి రాయమంటే నువ్వు ఏం రాశావో నీకు అర్థమవుతోందా?

అమ్మ పోయినప్పుడు నాకు అక్షరాలు కూడా రావు. నన్ను భుజాన వేసుకుని షెడ్డుకి తీసుకెళ్లి, పాత టైరులో గుడ్డలు పరిచి పడుకోబెట్టి పని చేసుకున్నవాడు అన్నయ్య. నన్ను చదివించింది ఆ చేతులే. కోపం ఉంది, కాదనను, పానాలు, రెంచీలు విసురుతాడు. కానీ నీ మీద ఎప్పుడైనా చెయ్యెత్తాడా? ఎత్తాడని నువ్వు కూడా రాయలేదు. టేపు ఊడింది, స్టూలు జరిగింది, వీటికి మనిషి మీద నింద వేస్తారా? చూపు తగ్గుతున్నకొద్దీ అనుమానం పెరుగుతుందని డాక్టరు చెప్పాడని అన్నయ్య ఫోన్లో అన్నాడు. నేను నమ్మలేదు. ఇప్పుడు నమ్మాలా?

ఎర్ర బటన్ సంగతి పెద్దసారుకి చెప్పాను. "ఆ సైజులో అక్షరాలు పెట్టుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు? మీ వదిన ఒక్కతేగా" అన్నాడు. మార్చడానికి ఒప్పుకున్నాడు గానీ అతని వరుస చూస్తే నెల పట్టేలా ఉంది. అప్పటిదాకా పాతదే ఉంటుంది.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

మరదలు

*

లాండ్రీ వెనక గది, ఓనరమ్మ మంచం మీద

మరదలికి,

చెయ్యెత్తాడా అని అడిగావు. ఎత్తాడు. ఇక నీకు ఆ బెంగ అక్కర్లేదు.

ఆ రోజు షెడ్డు నుంచి పెందలాడే వచ్చాడు. మెషీన్ రిపేరని నేనూ లాండ్రీ నుంచి తొందరగా ఇంటికొచ్చి, బల్ల మీద ఫోను పెట్టుకుని నీ పేజీ చదువుతున్నాను. పరీక్ష చేయడానికి కాదు. మొదటిసారి కూడా పరీక్ష కోసం చదవలేదు. నాకు కావాల్సింది వెతుక్కుంటూ చదివాను.

చెప్పులు బయటే విడిచి పిల్లిలా వచ్చాడు. నా అక్షరాలు ఎంత పెద్దవో నీకు తెలుసు, ఒక్కోటి నా బొటనవేలంత. గుమ్మంలో నిలబడే చదివాడు. పైకి, కూడబలుక్కుంటూ, ఒకటో తరగతి పిల్లాడిలా. "మి-మ్మ-ల్ని కొ-డు-తు-న్నా-రా?" అన్నాడు. నేను చదవడానికి పెద్దవి చేసిన అక్షరాలు వాడికీ పెద్దగానే కనిపిస్తాయని నీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

నేను తెరను కుడికి తోశాను. ఒకసారి తోశాను, రెండోసారి తోయబోతుంటే వచ్చి నా ఎడమచేతి చూపుడువేలు పట్టుకున్నాడు. "ఇదేనా వెతుకుతున్నావ్? ఇదిగో, ఇక్కడుంది" అని తనే తెర జరిపి, నా వేలిని ఆ ఎర్ర బటన్ మీద పెట్టి నొక్కించాడు. వాతావరణం వచ్చింది. రేపు ఎండ కాస్తుందట. అప్పుడు ఆ వేలిని వెనక్కి విరిచాడు. ఎండుపుల్ల విరిగినట్టే చప్పుడైంది. నేను అరిచేలోపు నోటి మీద గుద్దాడు. కింద పడితే డొక్కలో తన్నాడు. జుట్టు పట్టి లేపి అలమర తలుపు దగ్గరికి లాక్కెళ్లి, దాన్ని సగం తెరిచి, దాని అంచుకేసి నా మొహం కొట్టాడు. "ఇది మా చెల్లి చెప్పిన పాఠమే. సగం తెరిస్తే కనబడదట. ఇప్పుడు కనబడిందా?" అన్నాడు. ఫోనుని సుత్తితో పొడి చేశాడు. కుడికన్ను మూసుకుపోయింది, తెరుచుకుంటుందో లేదో డాక్టరు చెప్పడం లేదు.

పొద్దున వాడు షెడ్డుకి వెళ్లగానే గోడ పట్టుకుని నడిచి ఇక్కడికి వచ్చాను. ఓనరమ్మ నన్ను చూసి బూతులు తిట్టింది. వాణ్ని కాదు, ఇన్నాళ్లూ చెప్పనందుకు నన్ను. ఆవిడే స్టేషన్‌కి తీసుకెళ్లి కంప్లైంట్ ఇప్పించింది.

పాఠం చెప్పింది నువ్వే అని కుమిలిపోకు. నువ్వు చెప్పకపోతే వాడికి చేతులు లేవా? నువ్వు నేర్పింది నేను పడకుండా ఉండాలని. వాడు నేర్చుకుంది ఇంకొకటి. అది వాడి సొంత తెలివి.

అనుమానం జబ్బు నాకు లేదు.

వదిన

*

మోటారు షెడ్డు

చెల్లికి అన్న ఆశీర్వదించి రాయునది,

ఫోన్లో చెప్పే సంగతి కాదు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. మీ వదిన మళ్లీ పడింది. ఈసారి మొహమంతా దెబ్బలు. చూపులేని మనిషిని కట్టుకున్నాక ఇవన్నీ పడాల్సిందే కదా. లాండ్రీ ఆవిడ చెప్పుడు మాటలు విని నా మీద కేసు పెట్టింది. స్టేషన్‌కి పిలిచారు. నేను ఏమీ దాచలేదు, తనకి కనబడదు, తలుపులకి గుద్దుకుంటుంది, మెట్లు తప్పుతుంది అని చెప్పాను. వాళ్లు కూడా పాపం అన్నారు.

ఒక్క కాగితం ఇస్తే ఇది తేలిపోతుంది. నువ్వు అలాంటివాళ్ల కోసమే పని చేస్తున్నావు కదా. ఇలాంటి చూపున్నవాళ్లు సగం తెరిచిన తలుపులకి తగిలి పడతారు, మెట్ల మీద పడతారు, కాలుతాయి, చేతులు విరుగుతాయి, ఇది మామూలే అని కంపెనీ ముద్రతో రాయి. ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు, నువ్వు నాకు చెప్పినవే. పిల్లప్పుడు నిన్ను ఎలా సాకానో నేను గుర్తు చేయను, నీకే తెలుసు.

ఆదివారం నేనే వచ్చి తీసుకుంటాను.

నీ అన్న

*

నా గది, తలుపుకి గడియ వేసి

వదినా,

నీ ఉత్తరమూ అన్నయ్య ఉత్తరమూ ఒకే రోజు వచ్చాయి. ముందు అతనిది చదివాను. "కాలుతాయి" అన్న మాట దగ్గర ఆగిపోయాను. కాలుతాయని నేను ఎప్పుడూ చెప్పలేదు. గిన్నెని నువ్వు చేయి పెట్టే చోటికి జరిపినవాడికే ఆ మాట తోస్తుంది. తర్వాత నీది చదివాను. "ఇంకా ఏమేం ఉంటే పడిపోతుందే" అని నన్ను అడిగినప్పుడు అతని మొహం ఎలా ఉందో ఇప్పుడు గుర్తొస్తోంది. నిన్ను నమ్మలేదు. నన్ను కొట్టు, తిట్టు, మాట్లాడటం మాత్రం మానకు.

ఆదివారం వచ్చాడు. కాగితం రాయనని గేటు దగ్గరే చెప్పాను. మొదట నవ్వాడు, తల నిమిరాడు. రెండోసారి రాయనన్నాను. నిమిరిన చేతితోనే జుట్టు పిడికిట పట్టి నా తలని గేటు ఊచలకేసి కొట్టాడు. "టైర్లో పడుకోబెట్టి పెంచానే నిన్ను" అని ఏడుస్తూనే కొట్టాడు. వాచ్‌మన్ వచ్చి లాగేశాడు. ఎడమకన్ను ఉబ్బి మూసుకుపోయింది, రెండో కన్ను నీళ్లు కారుతోంది. అదే స్థితిలో మన పేజీ తెరిచాను. నా ఫోన్లో, నా చేతులతో రాసిన పేజీలో నంబరు ఎక్కడుందో నాకే దొరకలేదు. గోడకి చేరగిలబడి పెద్దగా ఏడ్చాను.

సోమవారం ఆ మొహంతోనే ఆఫీసుకి వెళ్లాను. పెద్దసారు ఎదురుగా కూర్చుని నీ వేలి సంగతి చెప్పాను, నొక్కించిన తర్వాత విరిచాడని. ఆయన నా మొహం చూడలేక కిటికీ వైపు తిరిగాడు. "ఇంకా నెల పడుతుందంటే మీ వేలు ఇవ్వండి, ఎలా ఉంటుందో చూపిస్తాను" అన్నాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆ సాయంత్రానికే పేజీ మార్చడానికి జట్టంతా కూర్చుంది.

ఇప్పుడు ఎర్ర బటన్ మూలన లేదు. తెర అడుగున ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పట్టీలా ఉంటుంది, అక్షరాలు ఎంత పెంచినా బొటనవేలి కిందే ఉంటుంది. నంబరు తెలుపు మీద కారునలుపు. పేజీ తెరవగానే, అక్షరాలు పెద్దవి చేస్తే దూరం నుంచి కూడా కనిపిస్తాయి అని ముందే హెచ్చరిక ఉంటుంది. వద్దనుకుంటే తెర నల్లగా ఉంచి, చెవిలో వైరు పెట్టుకుని వినొచ్చు. గుమ్మంలో నిలబడ్డవాడికి నల్లటి తెర తప్ప ఏమీ కనబడదు.

వదినా, కేంద్రం వాళ్లతో మాట్లాడాను. గది ఉందన్నారు. ఈ వారమే వెళ్లు. వాడు మళ్లీ వస్తాడు.

నీ మరదలు

*

ఓనరమ్మ ఇల్లు, ముందు గది

మరదలికి,

నిన్ను కొట్టాడని చదివాక ఆ రాత్రి పళ్లు కొరుక్కుంటూ పడుకున్నాను. నన్ను కొడితే నేను ఓర్చుకున్నది నీ కోసమే. నీకు ఒక్క అన్న మిగలాలని. వాడు ఆ ఒక్క బంధాన్నీ తన్నేశాడు.

వాడు వస్తాడన్నావు. శుక్రవారం వచ్చాడు. కేంద్రానికి శనివారం వెళ్దామని మూట కట్టుకున్నాను, ఒక్క రోజు ఆలస్యం. ఆవిరి గదిలో దుప్పట్లు లాగుతున్నాం, ఆవిరి పొగలా కమ్మేసి ఉంది. ఆ గదిలో ఆవిరి లేచినప్పుడు ఎవరికీ ఏమీ కనబడదు, నాకు మాత్రం అలవాటు. గొంతు వినగానే తెలిసింది. ఓనరమ్మ అడ్డం వస్తే ఒక్క తోపు తోశాడు, ఆవిడ బకెట్ల మీద పడింది. నా జుట్టు చేతికి చుట్టుకుని ఇస్త్రీ బల్ల మీదికి వంచాడు. "కేసు వెనక్కి తీసుకుంటావా, రెండో కన్ను కూడా తీసుకోమంటావా?" అన్నాడు. జుట్టు పట్టిన ఆ చేతి బొటనవేలినే నా ఎడమకంటి మీద పెట్టి నొక్కాడు.

ఇస్త్రీ పెట్టె వేడిగా పక్కనే ఉంది. తీసి వాడి చేతి మీద పెట్టాను. కుడిచెయ్యి, బల్ల అంచు పట్టుకున్నది. చర్మం పెట్టెకి అంటుకుంది. పంది అరిచినట్టు అరిచాడు. ఆ వాసన ఇంకా నా ముక్కులో ఉంది, సబ్బుతో ఎంత కడిగినా పోవడం లేదు.

వాడు ఆసుపత్రిలో ఉన్నాడు, వేళ్లు రెండు తీసేయాల్సి వస్తుందట. నన్ను స్టేషన్లో సాయంత్రం దాకా కూర్చోబెట్టి, ఓనరమ్మ పూచీ మీద పంపారు. వచ్చే వారం వెళ్లి వాంగ్మూలం ఇవ్వాలి. ఎడమకన్ను పోలేదు. ఈ ఉత్తరం దాంతోనే రాస్తున్నాను.

నీకు జాలి వేస్తే దాచుకోకు, నీ అన్నే కదా.

వదిన

*

ఆఫీసు, ఎవరూ లేని మీటింగు గది

వదినా,

జాలి వేసింది. ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చేశాను. ఇంక దాని గురించి రాయను.

సహాయ కేంద్రం లాయరమ్మతో మాట్లాడాను. నిన్ను పట్టుకుని కన్ను నొక్కుతుంటే చెయ్యి కాల్చడం ఆత్మరక్షణే అంది. కానీ పక్క కొట్టువాడు అరుపులకి పరిగెత్తుకొచ్చి, తలుపు తెరిచి ఆవిరి పలచబడగానే చూశాడట. అన్నయ్య నీ జుట్టు వదిలేశాడని, వదిలేశాక కూడా నువ్వు పెట్టె ఎత్తలేదని, రెండు చేతులతో అదిమి పట్టావని చెప్పాడు. ఇది నాకు నువ్వు రాయలేదు. దాంతో నీ మీదే పెద్ద కేసు అవుతుందట. ఏళ్ల తరబడి లోపల ఉండాల్సి రావచ్చు.

ఒక దారి ఉంది. కనబడలేదు అను. ఆవిరిలో ఏది బల్లో ఏది చెయ్యో తెలియలేదు, పెట్టె పొరపాటున దిగింది అను. ఇన్‌స్పెక్టర్ నీ మొహం చూసి కరిగి ఉన్నాడట, ఆయనే అలా రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. దానికి తోడు నేను కాగితం ఇస్తాను. ఇలాంటి చూపున్నవాళ్లకి తెల్ల దుప్పటి మీద మనిషి చెయ్యి తేలదని, ఆవిరిలో అసలే తేలదని, ఇలాంటి ప్రమాదాలు మామూలేనని. అన్నయ్య అడిగితే రాయనన్న కాగితమే నీకోసం రాశాను. కంపెనీ ముద్ర కూడా వేయించి నా బ్యాగులో పెట్టుకున్నాను.

పంతాలకి పోకు వదినా, నీకు దండం పెడతాను. జైల్లో మెట్లకి ఎవరు టేపు వేస్తారు? నీళ్ల కుండ ఎక్కడుందో ఎవరు చెబుతారు? నాకు ఇంక నువ్వు తప్ప ఎవరున్నారు? ఒక్క మాట. కనబడలేదు అను చాలు.

నీ మరదలు

*

ఓనరమ్మ ఇల్లు

నా బంగారు మరదలికి,

నీ ఉత్తరం అందాకే స్టేషన్‌కి వెళ్లాను. ఇప్పుడే తిరిగొచ్చాను. జరిగింది జరిగినట్టు చెబుతాను, మధ్యలో అరవకుండా చదువు.

ఇన్‌స్పెక్టర్ మంచివాడు. కుర్చీ వేసి టీ తెప్పించి, "అమ్మా, నీకు కనబడలేదు కదా, పొరపాటున తగిలింది కదా" అని తనే అడిగి తనే తలూపాడు. నేను అవుననలేదు, కాదనలేదు. నీ మొహం గుర్తొచ్చింది. పెద్ద పలకలాంటి ఫోన్ మీద తనే టకటకా టైపు కొట్టి నా ముందు పెట్టి, "ఇక్కడ వేలితో సంతకం పెట్టు" అన్నాడు.

చదవాలన్నాను. "నేను చదివి వినిపిస్తాలేమ్మా, నీకెందుకు శ్రమ" అన్నాడు. అక్షరాలు పెద్దవి చేయమన్నాను. చేశాడు. మరదలా, పోలీసులవాళ్ల పేజీ నీ పాత బస్సు పేజీకి తాతలా ఉంది! ఒక్కో వరుస గది గోడ దాటిపోతోంది. నా విరిగిన వేలికి కట్టు ఉంది, కుడిచేతి వేలితో కుడికి తోశాను, ఎడమకి లాగాను, మళ్లీ తోశాను. ఆయన గడియారం చూసుకున్నాడు. చూసుకోనీ. నా పేరు మీద ఏం రాశారో నేను చదవకుండా వదలను. అలా చదువుతుంటే ఒక వరుస మొదట్లో "చూపు సరిగా లేనందున" అని వచ్చింది. దాన్ని తోస్తూ పోతే చివర్లో "ఏం చేస్తున్నదీ తెలియని స్థితిలో" అని తేలింది.

నేను పలక కింద పెట్టాను. అప్పుడు నా మనసులో ఏం మెదిలిందో నీకు చెప్పాలి, లేకపోతే నన్ను మొండిదనుకుంటావు. ఈ వాక్యం కింద సంతకం పెడితే, నేను ఏం చేస్తున్నదీ తెలియని మనిషినని నేనే ఒప్పుకున్నట్టు. అలాంటి మనిషి తలుపుకి గుద్దుకోదా? మెట్టు తప్పదా? తన వేలు తనే విరుచుకోదా? వాడు స్టేషన్లో చెప్పినదంతా నా సంతకంతో నిజమైపోతుంది. వాడి మీద కేసు కొట్టేస్తారు. రేపు ఇంకో ఇంట్లో ఇంకో గుడ్డిది మెట్ల మీద నుంచి పడితే, పాపం కనబడలేదు అనే రాసుకుంటారు.

"సార్, ఆ వరుస తీసేయండి" అన్నాను.

"నీ మంచికే రాశానమ్మా. అది తీస్తే నిన్ను నేను కాపాడలేను."

"నాకు కనబడింది సార్. నా కంటి మీద వేలు పెట్టకముందే, బల్ల మీద వాడి చెయ్యి కనబడింది. బల్ల మీద తెల్ల దుప్పటి ఉంది, వాడి చెయ్యి షెడ్డు నూనెతో నల్లగా ఉంది. తెలుపు మీద నలుపు ఎక్కడున్నా నాకు కనిపిస్తుంది. చూసే పెట్టాను. కన్ను నొక్కుతున్నాడని పెట్టాను. వాడు జుట్టు వదిలేసింది కూడా తెలుసు. తెలిసీ తీయలేదు. ఎందుకు తీయలేదని అడిగితే చెబుతాను, అన్నీ మొదట్నుంచి చెబుతాను, టేపు గీకిన దగ్గర్నుంచి. అది కూడా కొట్టుకోండి."

ఆయన తలుపు వేసి వచ్చి పలక మీద మళ్లీ టైపు కొట్టడం మొదలుపెట్టాడు. నేను చెప్పినవన్నీ కొట్టాడు. చీకటి పడేదాకా పట్టింది. మళ్లీ మొత్తం పెద్దవి చేయించి, ప్రతి వరుసా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చదివాకే సంతకం పెట్టాను. సోమవారం కోర్టుకి తీసుకెళ్తారు. బెయిలు రాకపోవచ్చని ఆయనే చెప్పాడు.

భయం లేదనను. ఇది రాస్తుంటే ఓనరమ్మ పక్కన కూర్చుని నా వీపు నిమురుతోంది. తెలియని గదుల్లో, తెలియని మెట్ల మీద పడతాను కూడా. పడితే అప్పుడు నిజంగానే పడ్డానని రాస్తాను, నువ్వు నమ్ము.

నీ బ్యాగులో ఉన్న ఆ కాగితం చించెయ్.

నీ వదిన